దారిని బట్టి కారు: వేమగల్ ఉద్యోగి ముందున్న ఇంధన లెక్క

కోలారు నుంచి చిక్కబళ్లాపురం వెళ్లే రహదారి మీద ఉన్న వేమగల్, పట్టుపురుగుల పెంపకం, పాడి, కూరగాయల సాగు మీద బతికిన ఊరి నుంచి పారిశ్రామిక వాడగా మారుతున్న కొద్దీ, అక్కడి కుటుంబాల నెల ఖర్చుల్లో ప్రయాణపు పద్దు ఏటా బరువెక్కుతూ వచ్చింది. పక్కనే ఉన్న నరసాపుర పారిశ్రామిక వాడలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం మొదలైంది. ఆ తరువాత విస్ట్రాన్ నెలకొల్పిన ఐఫోన్ల తయారీ కేంద్రం 2023లో టాటా సంస్థ చేతికి వచ్చింది. ఎయిర్‌బస్ హెచ్125 హెలికాప్టర్ల తుది కూర్పు కోసం టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ వేమగల్‌నే ఎంచుకుంది. ఈ పరిశ్రమల్లో పనిచేసే సాంకేతిక నిపుణులు, సూపర్‌వైజర్లు, వారికి సరుకులూ సేవలూ అందించే చిన్న వ్యాపారులు కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట వంటి చోట్ల నుంచి రోజూ వచ్చిపోతుంటారు. ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు వీరిలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

ఇదే జిల్లాలోని కోలారు బంగారు గనుల ప్రాంతానికి ఉన్న ఒక వెసులుబాటు వేమగల్‌కు లేదు. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత గని కార్మికుల కుటుంబాల్లోని తరువాతి తరం మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైలును పట్టుకుని బతుకుతెరువు వెతుక్కుంది. సీజన్ టికెట్టుతో రోజూ రాజధానికి వెళ్లివచ్చే ఆ ప్రయాణం ఖర్చు విషయంలో ఏ కారుకూ అందనిది. కోలారు మీదుగా పోయే నారో గేజి మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చి 2013లో చిక్కబళ్లాపురం వరకు తెరిచినా, ఆ పట్టాలు శ్రీనివాసపురం, చింతామణి వైపు తిరిగి పోవడంతో వేమగల్ రైలుకు దూరంగానే ఉండిపోయింది. కంపెనీ బస్సు షిఫ్టు వేళలకే కట్టుబడి ఉంటుంది, ఆర్టీసీ బస్సు రాత్రి పొద్దుపోయాక పలచబడుతుంది. వర్షంలోనో చలిలోనో భార్యాబిడ్డలను బైకు మీద తీసుకుపోవలసి వచ్చినవారు తొందరగానే కారు వైపు చూస్తారు. ఆ చూపులో మొదట పడే మాటలు రెండు: మైలేజీ, హైబ్రిడ్. ఈ రెండింటినీ షోరూమ్ కాగితాల మీద కాక, నడపబోయే దారి మీద పెట్టి చూసినప్పుడు వచ్చే జవాబు, ప్రచారంలో వినిపించే జవాబుకు చాలా భిన్నంగా ఉంటుంది.

కాగితం మీది మైలేజీ

మన దేశంలో కార్ల ప్రకటనల్లో కనిపించే మైలేజీ అంకె ప్రయోగశాలలో పుడుతుంది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అంటే అందరూ ఏఆర్ఏఐ అని పిలిచే సంస్థ, లేదా అటువంటి మరొక ఆమోదిత కేంద్రం, కారు చక్రాలను రోలర్ల మీద నిలిపి, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో ఇరవై నిమిషాల పాటు నడిపి, వెలువడిన పొగను కొలిచి దాని నుంచి ఇంధన వినియోగాన్ని లెక్కగడుతుంది. సవరించిన భారతీయ చోదన చక్రం అనే ఈ పరీక్షలో మొదటి భాగం ఊరి లోపలి నెమ్మది నడకను, రెండో భాగం ఊరి వెలుపలి ప్రయాణాన్ని అనుకరిస్తాయి. మొత్తం దూరం పది కిలోమీటర్ల చిల్లర, గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, ఏసీ ఆపి ఉంటుంది. ఎదురుగాలి, గతుకులు, నిండు కుటుంబం, వెనుక డిక్కీలో బియ్యం బస్తా ఇవేవీ రోలర్ల మీద ఉండవు. అందుకే కాగితం మీద 24.79 ఉన్న మారుతీ డిజైర్ మాన్యువల్ కారు దారి మీద పద్దెనిమిదో ఇరవయ్యో ఇస్తే కంపెనీ మోసం చేసిందని అనుకోనక్కరలేదు. ఆ అంకె ఉన్నది ఒక కారును మరొక కారుతో పోల్చడానికి, నెలవారీ ఖర్చు వేసుకోవడానికి కాదు.

ఈ తేడాకు ఇప్పుడు ఇంధనం కూడా తోడైంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అంటే ఈ20, 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే సుమారు మూడో వంతు తక్కువ కనుక, మిశ్రమంలో దాని పాలు పెరిగిన మేరకు లీటరుకు వచ్చే దూరం తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదికే, పాత పద్ధతి ఇంజిన్లున్న కార్లలో ఆరు నుంచి ఏడు శాతం వరకు, ఈ20కి అనువుగా సర్దిన వాటిలో ఒకటి రెండు శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేసింది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు తయారీ సంవత్సరాన్ని చూడవలసిన కారణాల్లో ఇది ఒకటి: 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లలో గొట్టాలు, రబ్బరు సీళ్లు ఈ ఇంధనాన్ని తట్టుకునేలా మార్చారు.

కారు నిజమైన మైలేజీ తెలుసుకోవడానికి డాష్‌బోర్డు మీది అంకె కంటే నమ్మదగిన పాత పద్ధతి ఒకటుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, ట్యాంకు నింపేటప్పుడు నాజిల్ తనంతట తాను మొదటిసారి ఆగిన చోటే ఆపించి, అంకె సమం చేయడానికి కుర్రవాడు మళ్లీ నొక్కబోతే వద్దని చెప్పి, ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చి, తరువాతిసారి అదే తీరున నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా రెండు మూడు ట్యాంకులు చూస్తే వచ్చే సగటే ఆ మనిషి నడకకు, ఆ దారికి, ఆ కారుకు చెందిన అంకె. అదే దారిలో వెళ్లే సహోద్యోగి దగ్గర ఈ లెక్క ఉంటే, కొనబోయేవారికి ఏ ప్రకటనకంటే అదే విలువైన సమాచారం.

వేమగల్ ఉద్యోగుల దారులు మూడు రకాలు. మొదటిది వేమగల్ నుంచి కోలారుకో నరసాపురకో పోయే పొట్టి దారి. టమాట ట్రేలు నింపుకుని కోలారు మార్కెట్టుకు పోయే టెంపోల వెనుక కాసేపు తగ్గినా, మొత్తం మీద కారు యాభై అరవై వేగంలో నిలకడగా సాగే దారి అది. రెండోది బెంగళూరు, కోలారు, ముళబాగిలులను కలిపే 75వ నంబరు జాతీయ రహదారి. మూడోది ఆ రహదారే హొసకోట దాటి కె.ఆర్.పురం తీగల వంతెన, టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గరికి చేరేసరికి మారిపోయే రూపం. అక్కడ ఉదయం పూట వాహనాలు అడుగు కదిలి ఆగుతాయి, మళ్లీ అడుగు కదులుతాయి. ఒకే కారు ఈ మూడు చోట్లా మూడు రకాల మైలేజీ ఇస్తుంది. నిలిచి ఉన్న చిన్న పెట్రోలు ఇంజిన్ కూడా గంటకు అర లీటరుకు పైగా తాగుతుంది, దూరం మాత్రం సున్నా. వేగం పెరిగితే వేరే నష్టం మొదలవుతుంది: గాలి నిరోధం వేగానికి వర్గానుపాతంలో పెరుగుతుంది కాబట్టి, ఎనభై వేగంతో పోయేవారు వందకు పెంచితే ఆ నిరోధం సగానికి పైగా ఎక్కువవుతుంది. 2024 చివరలో హొసకోట నుంచి మాలూరు, బంగారుపేట, కేజీఎఫ్ తాలూకాల మీదుగా తెరుచుకున్న బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కర్ణాటక భాగంలో సమయం మిగులుతుందన్నది నిజం. ఖాళీ దారి చూసి వేగం పెంచినవారికి పెట్రోలు మిగలదన్నది కూడా అంతే నిజం.

కోలారు పీఠభూమి సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉండడం మరొక విశేషం. అక్కడి గాలి సముద్రతీరపు గాలికంటే సుమారు ఎనిమిది శాతం పలచన కావడం వల్ల టర్బో లేని ఇంజిన్ శక్తి ఆ మేరకు తగ్గుతుంది. అయితే పలచని గాలి కారును అడ్డగించడం కూడా తక్కువే, చల్లని వాతావరణం వల్ల ఏసీ భారమూ తక్కువే కనుక చదునైన దారిలో మైలేజీకి పెద్దగా నష్టం లేదు. పండగకు చిత్తూరు వైపు వెళ్లి, నిండు కారుతో మొగిలి ఘాటు ఎక్కి తిరిగివచ్చేటప్పుడు మాత్రం చిన్న ఇంజిన్ గేర్లు దించమని అడుగుతుంది.

హైబ్రిడ్ లోపల జరిగేది

ఇంజిన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా చక్రాలకు శక్తినిచ్చే కారును హైబ్రిడ్ అంటారు. టయోటా ప్రియస్ పేరుతో 1997 డిసెంబరులో జపాన్‌లో భారీ స్థాయిలో అమ్మకానికి వచ్చిన ఈ ఏర్పాటులో కీలకం, బ్రేకు వేసినప్పుడు వృథాగా వేడిగా పోయే చలనశక్తిని పట్టి దాచుకోవడం. కారు నెమ్మదిస్తున్నప్పుడు మోటారే జనరేటరుగా మారి చిన్న బ్యాటరీని నింపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ నిలవతోనే కారు బయలుదేరుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ పూర్తిగా ఆగిపోతుంది. మోటారు తోడుండడం వల్ల ఇంజిన్‌ను అట్కిన్సన్ చక్రం అనే పద్ధతిలో నడపవచ్చు. 1882లో ఆంగ్ల ఇంజినీరు జేమ్స్ అట్కిన్సన్ రూపొందించిన ఆ భావన ప్రకారం పిస్టన్ వాయువును కుదించే దూరంకంటే వాయువు వ్యాకోచించే దూరం ఎక్కువ. దానివల్ల ప్రతి చుక్క నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు గానీ బయలుదేరే జోరు తగ్గుతుంది. ఆ లోటును మోటారు పూడుస్తుంది. పెట్రోలు ఇంజిన్‌కు బలహీనమైన చోటు నెమ్మది వేగం, మోటారుకు బలమైన చోటు కూడా అదే కావడం వల్లనే ఈ జంట కుదిరింది.

ఈ పేరుతో మార్కెట్లో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మారుతీ సంస్థ 2015 నుంచి సియాజ్, ఎర్టిగా వంటి కార్లలో స్మార్ట్ హైబ్రిడ్ పేరుతో ఇచ్చిన ఏర్పాటు మైల్డ్ హైబ్రిడ్, అంటే స్వల్ప హైబ్రిడ్. అందులో బెల్టుతో ఇంజిన్‌కు కలిపిన ఒక చిన్న యంత్రం స్టార్టరుగాను, జనరేటరుగాను పనిచేసి, సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను ఆపి తిరిగి లేపుతుంది, వేగం పుంజుకునేటప్పుడు కొద్దిగా ఊతమిస్తుంది; కారును తానొక్కటే నడపలేదు. కేంద్ర ప్రభుత్వమే 2017 ఏప్రిల్ నుంచి ఇటువంటి కార్లను విద్యుత్ వాహనాల ప్రోత్సాహక పథకం నుంచి తొలగించింది. ఇంజిన్ ఆపి మోటారు ఒక్కదానితోనే కొంతదూరం నడవగలిగేది స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పూర్తి హైబ్రిడ్. మారుతీ గ్రాండ్ విటారా, టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, 2022లో వచ్చిన హోండా సిటీ ఈ:హెచ్ఈవీ ఈ కోవకు చెందుతాయి. గ్రాండ్ విటారా, హైరైడర్, హైక్రాస్‌ల జన్మస్థలం వేమగల్‌కు రెండు మూడు గంటల దూరంలోని బిడది టయోటా కర్మాగారమే.

గ్రాండ్ విటారా పూర్తి హైబ్రిడ్‌కు కాగితం మీది మైలేజీ 27.97; అదే కారు మామూలు పెట్రోలు రూపానికి 21 చిల్లర. దాని బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ గంటలు, అంటే ఇంటి మీటరులో ఒక యూనిట్ కూడా కాదు. ఆ చిన్న బ్యాటరీ చేసే పనిని ఊరి జనసమ్మర్దంలో దగ్గరగా చూస్తే హైబ్రిడ్ విలువ బోధపడుతుంది: కె.ఆర్.పురం వరుసలో కారు పది అడుగులు కదిలినప్పుడు మోటారు కదిలిస్తుంది, ఇంజిన్ నిద్రలో ఉంటుంది. పాదం బ్రేకు మీద పడగానే తెర మీద బాణం గుర్తు తిరగబడి చక్రాల నుంచి బ్యాటరీ వైపు పారుతుంది. కొన్ని నిమిషాలకు నిలవ తరిగితే ఇంజిన్ మెల్లగా లేచి కాసేపు నింపి మళ్లీ ఆగుతుంది. మామూలు కారు లీటరుకు పన్నెండో పదమూడో ఇచ్చే ఆ చోట పూర్తి హైబ్రిడ్ ఇరవై దాటగలగడం ఇందువల్లనే. కోలారు దాటి ఖాళీ రహదారి మీద తొంభై వేగంతో నిలకడగా పోతున్నప్పుడు బ్రేకు పడదు, పట్టి దాచుకోవడానికి శక్తి ఉండదు, ఇంజినే బండి లాగుతుంది. అక్కడ పన్నెండు వందల కిలోలు దాటిన హైబ్రిడ్ వాహనానికి, వెయ్యి కిలోలలోపు ఉన్న చిన్న సెడానుకు మధ్య తేడా నామమాత్రంగా మిగులుతుంది. తక్కువ బరువు, తక్కువ ఎత్తు అనే పాత సద్గుణాలు ఖాళీ దారిలో బ్యాటరీతో సరిసమానంగా పనిచేస్తాయి.

నెల జీతం ముందు నిలిచే లెక్క

రోజుకు వంద కిలోమీటర్లు, నెలకు ఇరవై అయిదు రోజులు తిరిగే ఉద్యోగిని తీసుకుంటే ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లవుతుంది. లెక్క కోసం పెట్రోలు లీటరు 103 రూపాయలనుకుందాం. ఎక్కువ భాగం రహదారి మీద సాగే ప్రయాణంలో చిన్న పెట్రోలు కారు లీటరుకు పద్దెనిమిది ఇస్తే ఏడాదికి సుమారు 1,72,000 రూపాయలు. పూర్తి హైబ్రిడ్ ఇరవై రెండు ఇస్తే 1,40,000 రూపాయలు. మిగిలేది ముప్పై ఒక్క వేల చిల్లర. ఈ రెండు కార్ల మధ్య ఆన్-రోడ్ ధరలో ఉన్న తేడా ఎనిమిది లక్షలకు తగ్గదు. ఆ ఎనిమిది లక్షలను బ్యాంకు నుంచి తొమ్మిది శాతానికి తెచ్చుకుంటే మొదటి ఏడాది వడ్డీయే సుమారు డెబ్బై వేలవుతుంది. ఇంధనంలో మిగిలినదానికి రెట్టింపు వడ్డీలో పోతుంది. వేమగల్ నుంచి కోలారు వరకు వెళ్లివచ్చే ముప్పై కిలోమీటర్ల మనిషికి, అంటే ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్ల వాడకానికి, మామూలు కారు లీటరుకు పదహారే ఇచ్చిందనుకున్నా మిగులు పదహారు వేలకు మించదు.

పెద్ద కారే కావాలని ముందే నిశ్చయించుకున్న కుటుంబం విషయం వేరు. అప్పుడు పోలిక ఒకే మోడల్‌లోని మామూలు పెట్రోలుకు, పూర్తి హైబ్రిడ్‌కు మధ్య జరగాలి. ఆ తేడా మూడు లక్షలనుకుని, ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు పదిహేను బదులు ఇరవై ఒకటి వస్తే, మిగులు ఏటా ముప్పై తొమ్మిది వేలు. అదనపు ధర తిరిగి రావడానికి ఏడున్నరేళ్లకు పైగా పడుతుంది. బెంగళూరు లోపలి రద్దీలోనే ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లు నడిపేవారికి, పదమూడుకు బదులు ఇరవై రెండు వచ్చే చోట, అదే మూడు లక్షలు సుమారు మూడేళ్లలో వసూలవుతాయి. హైబ్రిడ్ అంటే రద్దీలో నలిగే బండికి తగిన మందు. తెరిపి దారిలో తిరిగే వేమగల్ ఉద్యోగి ఆ జబ్బే లేనివాడు.

ధరలో ఇంత ఎడం రావడానికి బ్యాటరీ ఒక్కటే కారణం కాదు. పన్నుది పెద్ద వాటా. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కారుకు 2025 సెప్టెంబరు 22 వరకు జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉండగా ఆనాటి నుంచి 18 శాతమైంది. ఆ కొలతలు మించిన హైబ్రిడ్లకు 43 శాతం ఉన్నది 40కి తగ్గింది. తగ్గింపు రెంటికీ దక్కినట్టు కనిపించినా, చిన్న కారుకు, హైబ్రిడ్‌కు మధ్య అంతకుముందు పద్నాలుగు శాతంగా ఉన్న ఎడం ఇరవై రెండుకు పెరిగింది. విద్యుత్ కారుకు అయిదు శాతమే. దీనిమీద కర్ణాటక జీవితకాల రహదారి పన్ను ధరల శ్రేణిని బట్టి పెరుగుతుంది: అయిదు నుంచి పది లక్షల కారుకు 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల కారుకు 17 శాతం, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. ఎనిమిది లక్షల కారుకూ పదిహేడు లక్షల కారుకూ ఒక్క రహదారి పన్నులోనే సుమారు రెండు లక్షల తేడా వస్తుంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 జులైలో పూర్తి హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. దానితో హైబ్రిడ్లు తయారయ్యే బిడది ఉన్న రాష్ట్రంలో వాటిని కొనడం అప్పట్లో లక్నోలో కొనడంకంటే భారమైంది.

ఈ భారం తప్పించుకోవడానికి కుప్పంలోనో పలమనేరులోనో ఉన్న బంధువుల చిరునామా మీద ఆంధ్రప్రదేశ్‌లో కారు రిజిస్టరు చేయించే ఆలోచన సరిహద్దు కుటుంబాల్లో తరచూ వస్తుంటుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన వాహనానికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవలసిందే. రోజూ వేమగల్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలిచే కారు చివరికి కోలారు వారి కేఏ 07 గానో, కేజీఎఫ్ వారి కేఏ 08 గానో మారక తప్పదు, ఆ మార్పిడితో పాటు పన్ను, నిరభ్యంతర పత్రం, తిరుగుళ్లు అన్నీ వస్తాయి.

సీఎన్‌జీ, డీజిల్, విద్యుత్తు

ముప్పై వేల కిలోమీటర్ల ఉద్యోగికి హైబ్రిడ్ ఇవ్వలేని ఆదాను ఇవ్వగలిగేది, ప్రకటనల్లో అంత మెరుపు లేని సీఎన్‌జీ, అంటే అధిక పీడనంతో సిలిండరులో నింపిన సహజవాయువు. కిలో 90 రూపాయలనుకుని, దారి మీద కిలోకు ఇరవై ఏడు కిలోమీటర్లు వస్తే ఏడాది ఖర్చు లక్ష రూపాయలు. పెట్రోలుతో పోలిస్తే డెబ్బై వేలు మిగులుతాయి. సీఎన్‌జీ రూపానికి అదనంగా ఇచ్చే సుమారు తొంభై వేలు ఏడాదిన్నర లోపే తిరిగి వస్తాయి. రోజుకు ముప్పై కిలోమీటర్ల మనిషికి అదే తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఇందులో ఇబ్బందులు లేకపోలేదు: డిక్కీలో సిలిండరు చోటు ఆక్రమిస్తుంది, దాన్ని మూడేళ్లకోసారి జలపీడన పరీక్షకు పంపాలి, శక్తి తగ్గుతుంది. పెట్రోలుతో 82 అశ్వశక్తి ఇచ్చే డిజైర్ సీఎన్‌జీతో 70 ఇస్తుంది. పీఠభూమి గాలి పలచదనం దానికి తోడైతే ఘాటు దారిలో ఓపిక పట్టాలి. టాటా సంస్థ 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవి అడుగున అమర్చడంతో డిక్కీ ఇబ్బంది కొంత తీరింది. అన్నింటికంటే ముఖ్యం, రోజూ పోయే దారిలోనే గ్యాస్ బంకు ఉందా, సాయంత్రం వేళ అక్కడ వరుస ఎంత ఉంటుంది అన్నది కొనడానికి ముందే వెళ్లి చూడడం.

డీజిల్ కథ క్లుప్తంగా చెప్పవచ్చు. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల ఇంజిన్ స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో పరుగెత్తిన కాలంలో రోజూ దూరం వెళ్లేవారికి అదే సరైన జవాబు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తివేయడం, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు రావడంతో మారుతీ డీజిల్ కార్లనే మానుకుంది. ఇప్పటి డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవడానికి కొంతసేపు వేడిగా, వేగంగా నడవాలి కనుక, ఊళ్లో పొట్టి ప్రయాణాలు చేసేవారికి అది తలనొప్పిగా మారుతుంది.

సొంత ఇంటి ముందు కారు నిలిపే చోటు, అక్కడికి విద్యుత్ తీగ రెండూ ఉన్నవారికి, ముప్పై కిలోమీటర్ల దారికి చిన్న విద్యుత్ కారును పక్కన పెట్టడానికి గట్టి కారణం లేదు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చినా కిలోమీటరుకు ఖర్చు సుమారు రూపాయి. అదే దూరానికి పెట్రోలు ఆరు రూపాయలు తాగుతుంది. విద్యుత్ కారు ఆలోచన ఈ ప్రాంతానికి కొత్తది కూడా కాదు, 2001లోనే బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్ర నుంచి రేవా కారు వచ్చింది. అద్దె ఇంటి మూడో అంతస్తులో ఉండేవారికి, నెలకు రెండుసార్లు తిరుపతికో మదనపల్లెకో వెళ్లేవారికి ఇది ఇప్పటికీ అంత సులువైన దారి కాదు.

ఇవన్నీ తూచి చూస్తే, వేమగల్ చుట్టుపక్కల రోజూ తిరిగే సామాన్య ఉద్యోగికి నేడు తగినది వెయ్యి కిలోలలోపు బరువు, టర్బో లేని 1,000 లేదా 1,200 సీసీ ఇంజిన్ ఉన్న చిన్న కారు. దూరం ఎక్కువైతే దాని సీఎన్‌జీ రూపం. కాగితం మీద లీటరుకు 25 నుంచి 26 వరకు చెప్పే సెలేరియో, 24కు పైబడిన ఆల్టో కె10, స్విఫ్ట్, డిజైర్ ఈ వర్గంలోవే. జాతీయ రహదారి మీద లారీల మధ్య రోజూ నడిపే కారుకు మైలేజీ ఎంత అవసరమో ఢీకొన్నప్పుడు నిలిచే శరీరం అంతకన్నా అవసరం. 2024 నవంబరులో డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో అయిదు నక్షత్రాలు రావడంతో ఈ రెండూ ఒకే చిన్న కారులో దొరకవన్న పాత అభిప్రాయానికి కాలం చెల్లింది. సెకండ్ హ్యాండ్‌లో పూర్తి హైబ్రిడ్ చవకగా దొరికినవారు మాత్రం ఒకసారి ఆగి చూడవచ్చు: టయోటా, మారుతీ సంస్థలు ఆ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి కనుక, ఎంత కాలం మిగిలిందో పత్రాల్లో చూసి, సర్వీసు చరిత్రను కంపెనీ కేంద్రంలో సరిచూసుకుని, వెనుక సీటు దగ్గర బ్యాటరీకి గాలి అందించే రంధ్రం దుమ్ముతో మూసుకుపోలేదని గమనించి తీసుకుంటే, మొదటి యజమాని మోసిన పన్ను భారం రెండోవారి మీద పడదు.

నలభై అయిదు మిల్లీమీటర్లు

చిన్న కారుకే పూర్తి హైబ్రిడ్ అమర్చితే ఈ వాదన అంతా తారుమారవుతుంది. బయటి దేశాల్లో అది మామూలు విషయం. ఐరోపాలో అమ్ముడయ్యే టయోటా యారిస్ హైబ్రిడ్ పొడవు నాలుగు మీటర్ల లోపే, ఇంజిన్ మాత్రం 1,490 సీసీ. జపాన్‌లో 2016లో వచ్చిన నిస్సాన్ నోట్ ఈ-పవర్‌లో 1,198 సీసీ ఇంజిన్ కేవలం విద్యుత్తును పుట్టిస్తుంది, చక్రాలను తిప్పేదంతా మోటారే. ఆ ఏర్పాటుతో నోట్ 2018లో ఆ దేశంలో కెయి తరగతి చిట్టి కార్లను మినహాయిస్తే అత్యధికంగా అమ్ముడైన కారుగా నిలిచింది. 2020లో వచ్చిన దాని తరువాతి రూపం పొడవు 4,045 మిల్లీమీటర్లు. భారతీయ పన్ను కొలబద్ద పెడితే యారిస్ ఇంజిన్ దగ్గర, నోట్ నలభై అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఓడిపోయి, రెండూ 40 శాతం వరుసలో నిలబడతాయి.

నాలుగు మీటర్లు, 1,200 సీసీ అనే ఈ గీత 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పుడు గీసినది. డిక్కీ కత్తిరించిన సెడాన్లు ఆ గీత లోపల సర్దుకోవడానికే పుట్టాయి. ఇంధనం ఆదా చేయించడమే ప్రభుత్వ ఉద్దేశమైతే కొలవవలసింది కారు కిలోమీటరుకు విడిచే కార్బన్ డయాక్సైడును. 2017-18 నుంచి కంపెనీల సగటుకు వర్తింపజేస్తున్న ప్రమాణాల్లో ప్రభుత్వం కొలుస్తున్నదీ అదే. కొనుగోలుదారు కట్టే పన్నుకు మాత్రం ఆ కొలత ఇంకా చేరలేదు. అది చేరిన నాడు, 1,200 సీసీ ఇంజిన్, ఒక యూనిట్ బ్యాటరీ, వెయ్యి కిలోల బరువు ఉన్న హైబ్రిడ్‌ను ఎనిమిది తొమ్మిది లక్షలకు అమ్మడానికి కంపెనీలకు కారణం ఏర్పడుతుంది. దాన్ని తయారుచేయగల నైపుణ్యం, విడిభాగాల పరిశ్రమ బిడది నుంచి నరసాపుర వరకు ఉన్న ఈ పట్టీలోనే ఇప్పటికే ఉన్నాయి.